నవ్విందెవరు, నవ్వులపాలైందెవరు?

‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మిగారిని ఒకసారి తలుచుకోండి. సినిమా కథ చెప్పమంటే ఆవిడ తెరమీద పేర్లు పడే దగ్గర్నుంచీ మొదలుపెడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ప్రాణం విసిగిపోతున్నా సరే, ఒక్క ముక్క వదిలిపెట్టదు. 1984లో ఆ సినిమా వచ్చినప్పుడు మగవాళ్ళు నవ్వారు, పిల్లలు నవ్వారు, అందరికంటే గట్టిగా మనం నవ్వాం. అలాంటి మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు మరి. మా ఇంట్లో మా వదినె. మీ ఇంట్లో ఎవరో మీరే చెప్పుకోండి, నేను చెబితే బాగుండదు.

ఆలోచిస్తే అది సినిమా పిచ్చి ఉన్న ఇల్లాలిని పట్టుకుని చేసిన ఎగతాళే. మరి మనకి కోపం ఎందుకు రాలేదు? ఇన్నేళ్ళ తర్వాత ఈ సందేహం ఎందుకొచ్చిందంటారా? ఈమధ్య సినిమాల మీద జరుగుతున్న కొట్లాటలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు నాకనిపిస్తోంది. ఒక దర్శకుడి హాస్యం బాగుందో లేదో ఎవరు చెప్పాలి? పత్రికలో రాసే సమీక్షకుడా? హాలు ముందు పాలాభిషేకం చేసే అభిమానా? లేక ఆ హాస్యం ఎవరిమీద ఆడారో ఆ మనిషా?

మాది కోట్‌పల్లి. అటు వికారాబాదు, ఇటు తాండూరు, మధ్యలో మేము. 1967లో కట్టిన ప్రాజెక్టు, దాని ఒడ్డున అడవి, చేలల్లో కంది. పడవలు నడుపుకోటానికి పట్నం పిల్లలు రావటం మొదలయ్యాక గానీ మా ఊరి పేరు పదిమందికీ తెలియలేదు. నా చిన్నతనంలో సినిమా చూడాలంటే వికారాబాదుకో తాండూరుకో బస్సెక్కాల్సిందే. అందుకని మా ఊరికి సినిమా కంటే ముందు సమీక్ష వచ్చేది. తాండూరు అంగడికి పోయి పనిలో పనిగా ఆట చూసొచ్చినవాడు బస్సు దిగుతూనే చెప్పేవాడు. ‘మంచిగున్నది’ అంటే వెళ్ళాలని అర్థం. ‘ఆఁ, ఉన్నది’ అంటే డబ్బులు దాచుకోమని అర్థం. ఆ ‘ఉన్నది’లో ఎంత విమర్శ ఉందో మా వైపు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళ సమీక్ష వేరే జరిగేది. బావి దగ్గరో, కందులు చెరిగేటప్పుడో. కథ ఏమిటన్నది అందులో రెండో సంగతి. ‘పిల్లల్ని తీస్కపోవచ్చునా?’ ‘ఏడుపు ఎక్కువున్నదా?’ ‘అత్తను మరీ రాక్షసి లెక్క చూపించిన్రా?’ ఇవీ మొదటి ప్రశ్నలు. చెప్పే ఆవిడ కూడా గొప్పకి పోయేది కాదు. తాను ఎక్కడ నవ్విందో, ఎక్కడ కొంగుతో కళ్ళు తుడుచుకుందో, ఎక్కడ నిద్రపోయిందో చెప్పేది. ఒక సినిమా మీద ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం ఎవరిస్తారు చెప్పండి?

ఇప్పుడు కాలం మారింది. మా మేనల్లుడొకడున్నాడు. తాండూరులో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. బంగారం లాంటి పిల్లవాడు. వాడి హీరో సినిమా విడుదలైన రోజున మాత్రం వాడి పక్కకి ఎవరూ పోకూడదు. ఆమధ్య అలాంటి ఒక శుక్రవారం పొద్దున ఫోను చేతిలో పట్టుకుని పళ్ళు నూరుతున్నాడు.

‘ఏంది బిడ్డా, పొద్దుగాల్నే గంత కోపం?’ అన్నాను.

‘రెండుంపావు ఇచ్చిండత్తమ్మా! మా హీరో సినిమాకు రెండుంపావు! గా రాసినోనికి అసలు కామెడీ అంటే తెలుసునా?’

‘అయితే సినిమా మంచిగున్నదన్నట్టు. నువ్వు చూసినవా?’

‘సాయంత్రం ఆటకు పోతున్న.’

నేను నవ్వాపుకుంటే మా వాడి భార్య ఆపుకోలేకపోయింది. వాడు ఆ అమ్మాయి వంక చూసిన చూపు సమీక్షకుడి మీది కోపంలోంచి కొంత మిగిల్చి ఇచ్చిందే.

ఇది ఇంట్లో కాబట్టి నవ్వులాటగా పోయింది. బయట అలా పోవటం లేదు. 2023 జూన్‌లో ‘ఆదిపురుష్’ విడుదలైన రోజు హైదరాబాదులో ఒక పెద్ద సినిమా హాలు బయట, బొమ్మ బాగాలేదని చెప్పిన ప్రేక్షకుణ్ణి అభిమానులు కొందరు కొట్టారు. సమీక్షకుడు కూడా కాదు పాపం, టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాడు. 2024 ఏప్రిల్‌లో ‘ఫ్యామిలీ స్టార్’ వచ్చినప్పుడు కావాలని చెడ్డ ప్రచారం చేస్తున్నారంటూ సంగతి పోలీసులదాకా వెళ్ళింది. అంతకుముందు ఏడాదే కేరళలో సమీక్షల గొడవ హైకోర్టు మెట్లెక్కింది. వెనకటికి అభిమానులు హీరోల కోసం పోస్టర్ల దగ్గర కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అభిప్రాయాల కోసం కొట్టుకుంటున్నారు. ఇది ఎదుగుదలో తిరుగుదలో మీరే తేల్చండి.

అభిమానుల వాదనలో నిజం బొత్తిగా లేదని నేననను. కోట్లు పోసి తీసిన సినిమా. లైట్లు మోసినవాడి దగ్గర్నుంచి చీరలు మడతపెట్టినావిడ దాకా వందలమంది చెమట అది. పొద్దుటి ఆట అయీ కాకముందే ఒకడు ఫోనులో ‘తుస్సు’ అనేస్తే సాయంత్రం హాలు ఖాళీ అవుతుందన్న భయం వాళ్ళది. చూడకుండా తిట్టేవాళ్ళున్నారు, చూడకుండా మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండో రకం మీద మాత్రం ఏ అభిమానీ ఫిర్యాదు చేసినట్టు నేను వినలేదు.

సమీక్షకుడూ సినిమావాడూ పుట్టు శత్రువులని కూడా అనుకోనక్కర్లేదు. ముళ్ళపూడి వెంకటరమణగారు 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో సినిమాల మీద రాసేవారు. ఆయన కలం చురుకు అందరూ ఎరిగిందే. సినిమా రంగం మీద ఆయన వేసిన చురకలు చదివి సినిమావాళ్ళే నవ్వుకున్నారు. తర్వాత ఆయనే సినిమాలకి రాశారు. బాపుగారితో కలిసి ‘సాక్షి’ దగ్గర్నుంచి ‘ముత్యాలముగ్గు’ దాకా, ఆపైనా ఎన్ని చేశారో లెక్కపెట్టుకోండి. సినిమాని తిట్టటం తెలిసినవాడికే సినిమాకి రాయటం తెలుస్తుందని నేననను గానీ, తిట్టటంలో కూడా ఒక ప్రేమ ఉండొచ్చని ఆయన్ని చూస్తే నమ్మకం కుదురుతుంది. మీగడ కట్టలేదని పాలవాడితో పోట్లాడే ఆవిడ పాలు మానేస్తుందా? మంచి పాలు కావాలనే కదా పోట్లాట!

అభిమానులు సమీక్షకుల మీద విసిరే మాటల్లో ఒకటి నాకు బాగా పరిచయమైంది. ‘నీకు హాస్యం తెలియదు.’ అభిమాని నోట్లో ఇది కొత్త కాబోలు, మనకి మాత్రం పాతదే. పెళ్ళిలో వియ్యాలవారి తరఫు మావగారొకాయన ఆడపడుచు రంగు మీద ఛలోక్తి విసురుతాడు. ఆ పిల్ల మొహం మాడ్చుకుంటే ‘సరదాకన్నానమ్మా, హాస్యం తెలియదేమిటి’ అంటాడు. ఆఫీసులో పెద్దమనుషులు ఆడవాళ్ళ షాపింగు మీద, వంట మీద, డ్రైవింగు మీద జోకులు చెప్పుకుంటారు. నవ్వకపోతే గయ్యాళి, నవ్వితే మరొకటి వినాలి. ఎవరిమీద ఛలోక్తి పడిందో వాళ్ళే ముందుగా నవ్వి చూపించాలన్న నియమం లోకంలో మన ఒక్కళ్ళకే ఉన్నట్టుంది. అందుకే సమీక్షకుల పక్షం మాట్లాడటం నాకు అలవాటు లేకపోయినా, ఈ ఒక్క విషయంలో వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. నవ్వు రాలేదని చెప్పే హక్కు మనిషికి ఉండాలండీ. అది పోయాక మిగిలేది నవ్వు కాదు, హాజరుపట్టీ.

ఇక జంధ్యాలగారి సంగతికొద్దాం. 1951లో నరసాపురంలో పుట్టి, విజయవాడలో పెరిగి, నాటకాలు రాసి, ‘అడవిరాముడు’కీ ‘శంకరాభరణం’కీ ఒక్క చేత్తో మాటలు రాసిన మనిషి. 1981లో ‘ముద్దమందారం’తో దర్శకుడయ్యారు. 2001లో యాభై ఏళ్ళకే వెళ్ళిపోయారు. నవ్వలేకపోవటాన్ని రోగం కింద జమకట్టిన మాట ఆయనదేనని చెప్పుకుంటారు. ఆయన సినిమాల్లో భాష మాది కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల అగ్రహారం భాష. మా కోట్‌పల్లిలో ఎవరూ అలా మాట్లాడరు. మా మాటలో తెలుగుతోపాటు ఉర్దూ ఉంటుంది, సరిహద్దు దగ్గర కాబట్టి కన్నడం కూడా కాస్త తగులుతుంది. అయినా మేం నవ్వాం. ఎందుకు?

నాకు తోచింది చెబుతాను. ఆయన హాస్యం మనిషి అవతారాన్ని పట్టుకోదు, మనిషి వెర్రిని పట్టుకుంటుంది. ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావుగారి పిసినారి కోడిని పైన వేలాడదీసి దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తింటాడు. పిసినారి ఏ జిల్లాలో లేడు? మా ఊళ్ళో అగ్గిపుల్లని రెండుగా చీల్చి వాడే పెద్దమనిషి ఉండేవాడు. ఆ సినిమా చూసొచ్చిన దగ్గర్నుంచి పిల్లలు ఆయన గుమ్మం ముందు కోడిలా కూసేవారు. ఇంట్లో అందర్నీ తిట్టే తండ్రి ఏ ఊళ్ళో లేడు? సుత్తి వీరభద్రరావుగారు తిట్టే తిట్లు గుక్క తిప్పుకోకుండా సాగుతాయి గానీ వాటిలో ఒక్క బూతు ముక్క ఉండదు. ఎదుటివాడి తల్లినీ చెల్లినీ లాగకుండా కూడా తిట్టొచ్చని తెలుగు సినిమాకి నేర్పిన పాఠం అది. మనకి అది చిన్న సంగతి కాదు. లోకంలో బూతులన్నీ చివరికి ఎవరిమీదకొచ్చి పడతాయో మీకు తెలుసు.

‘నాలుగు స్తంభాలాట’ 1982లో వచ్చింది. అంతకుముందు మేం ‘సోది’ అనేవాళ్ళం. ఆ తర్వాత ‘సుత్తి’ అన్నాం. ఆ మాట నటుల పేర్ల ముందు చేరి ఇంటిపేరైపోయింది, మా ఊరి బడిదాకా వచ్చేసింది. ఒక హాస్యం ఎంత గట్టిదో చెప్పటానికి చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు. పదేళ్ళ తర్వాత మనం ఇంట్లో వాడుకునే మాటల్లో అదెంత మిగిలిందో చూస్తే చాలు.

ఇప్పుడు మళ్ళీ శ్రీలక్ష్మిగారి దగ్గరికి. ఆ సినిమా కథకి మూలం పొత్తూరి విజయలక్ష్మిగారి ‘ప్రేమలేఖ’ నవల. ‘చతుర’లో అచ్చయింది. అంటే పునాది వేసిన చెయ్యి ఆడది. ఉషాకిరణ్ మూవీస్‌కి అది మొదటి సినిమా. ఒక పత్రికలో ఇల్లాళ్ళు చదువుకున్న నవలని నమ్మి ఒక సంస్థ సినిమాల్లోకి దిగిందంటే, ఆ రోజుల్లో మన చదువుకి ఎంత విలువో చూడండి. ఇక ఆ సినిమా పిచ్చి ఇల్లాలు. ఆవిడని చూసి నవ్వుతాం, నిజమే. కానీ ఆవిడకి ఆ పిచ్చిలో ఎంత ఆనందం ఉందో కూడా మనకి కనిపిస్తుంది. మొగుడికోసమో పిల్లలకోసమో కాదు, తనకోసం తాను దాచుకున్న ఆనందం. ఇంటి చాకిరీ నడుమ మూడు గంటలు తనకి తాను ఇచ్చుకున్న బహుమానం. దాన్ని ఎవరైనా వింటే బాగుండునని ఆవిడ ఆశ. మనం నవ్వింది ఆ ఆశని గుర్తుపట్టి. కోపం రాకపోవటానికి కారణం అదే.

1986లో ‘చంటబ్బాయ్’ వచ్చింది. ఇది మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల. అందులో ఆవిడే కవయిత్రినంటూ పత్రికాఫీసుకి వెళ్ళి ఎడిటరు ప్రాణం తోడేస్తుంది. పత్రికలకి కథలూ కవితలూ పంపి, తిరుగు టపాలో అవే అందుకున్న ఆడవాళ్ళం మనలో ఎంతమందిమి లేము! ఆ వెక్కిరింత మన మీదే. అయితే ఆ సన్నివేశంలో దడుచుకునేది ఎడిటరు, దడిపించేది ఆవిడ. అచ్చు వెయ్యనన్నవాడి ఎదురుగా కూర్చుని కదలని ఆడమనిషిని చూసి, లోపల్లోపల చప్పట్లు కొట్టుకున్నవాళ్ళు నాతోపాటు చాలామందే ఉంటారు.

అంటే నాకు దొరికిన కొలబద్ద ఇది. ఛలోక్తి ఎవరిమీద పడిందో ఆ మనిషికి నోరిచ్చారా లేదా? ఆ మనిషికి తనదంటూ ఒక ఇష్టం, ఒక భయం, ఒక పంతం ఇచ్చారా? ఇస్తే ఎంత ఏడిపించినా అది ఇంటివాళ్ళ వేళాకోళం. ఇవ్వకపోతే వీధిలోవాళ్ళ వెక్కిరింత.

ఈ కొలబద్ద పట్టుకుని మన కాలపు నవ్వులరాయుడు అనిల్ రావిపూడిగారి సినిమాలు చూడండి. సంక్రాంతికి ఆయన సినిమా ఉందంటే మా వైపు కుటుంబాలు బండి కట్టుకుని బయల్దేరతాయి. సమీక్షకులు కథ పాతదంటారు, తర్కం లేదంటారు. అభిమానులు ‘నవ్వొచ్చిందా లేదా గది చెప్పు’ అంటారు. మా కోడలుపిల్ల ‘క్రింజ్’ అంటుంది. ఆ మాటకి అర్థమేమిటే అనడిగితే, ‘చూస్తుంటే మనకే సిగ్గేసినట్టుంటది చూడు అత్తమ్మా, అది’ అంది. బాగానే చెప్పింది.

2019లో వచ్చిన ‘ఎఫ్ 2’ పూర్తిపేరులోనే సరదా, చిరాకు రెండూ ఉన్నాయి. సరదా ప్రేక్షకులది, చిరాకు మొగుళ్ళది. పెళ్ళయిన మగవాడి బాధలు చూపించారు, వెంకటేశ్‌గారు ఆ బాధని మెడ వెనక చెయ్యి పెట్టుకుని అభినయిస్తుంటే నేనూ నవ్వాను. నవ్వురాలేదని అబద్ధమాడను. బయటికొచ్చాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు రోజంతా ఏం చేస్తుంటారు? వాళ్ళకేం కావాలి? సినిమా ఆ సంగతి పట్టించుకోలేదు. మొగుళ్ళ ఫిర్యాదులోంచి తప్ప వాళ్ళు మనకి కనిపించరు. భార్యలు తిరగబడ్డప్పుడు కూడా వాళ్ళకి దొరికిన దారి వేరే సంబంధాలు చూసుకుని మొగుళ్ళని ఉడికించటం. ఫిర్యాదు వాళ్ళది, తీర్పు వాళ్ళది, చివరికి ప్రాయశ్చిత్తం కూడా వాళ్ళదే. మనకి మిగిలింది టిక్కెట్టు ముక్క.

ఆయనే 2025 సంక్రాంతికి ‘సంక్రాంతికి వస్తున్నాం’ తీశారు. అక్కడ కూడా భార్యకీ పాత ప్రియురాలికీ నడుమ మగవాడే. పాత దినుసే. కానీ ఐశ్వర్యా రాజేశ్ వేసిన భాగ్యం అనే ఇల్లాలు ‘ఎఫ్ 2’ ఆడవాళ్ళకంటే ఒక మెట్టు పైనుంది. ఆవిడ అసూయ ఆవిడదే, భయం ఆవిడదే. మొగుడి పాత కథ విన్నప్పుడు ఆ మొహంలో మారే రంగులు చూసి హాల్లో మగవాళ్ళు నవ్వారు, మా వరసలో ఆడవాళ్ళు ‘అయ్యో’ అని నవ్వారు. ఆ ‘అయ్యో’ ఉంది చూశారూ, హాస్యానికి ప్రాణం అదే. ఒక దర్శకుడు ఆరేళ్ళలో ఇంత దూరం వచ్చాడని చెప్పటం కదా విమర్శ చెయ్యాల్సిన పని! నేను చదివిన సమీక్షల్లో ఆ మాట కనిపించలేదు. నిడివి ఎంత, ఛాయాగ్రహణం ఎలా ఉంది, ఎన్ని చుక్కలు, అంతే.

అదే సినిమాలో ఫోనులో బొమ్మలు చూసి చూసి బూతులు నేర్చుకున్న చిన్న పిల్లవాడున్నాడు. పిల్లల ముందు ఏం పెడుతున్నామో చూసుకోమని సినిమా ఒక బుద్ధి కూడా చెప్పింది. చెప్పటం మంచిదే. మరి హాల్లో నవ్వు దేనికొచ్చింది? బుద్ధికి రాలేదు, బూతుకే వచ్చింది. పండగ వారంలో ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు ఆ బుద్ధిని అక్కడే వదిలేసి బూతుల్ని మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు. బూతు లేని తిట్లతో కడుపుబ్బ నవ్వించిన జంధ్యాలగారి సినిమాలు చూసిన కళ్ళకి ఇది కాస్త బరువుగానే అనిపిస్తుంది. ఇది చెప్పినందుకు ‘హాస్యం తెలియని ముసలమ్మ’ అన్నా సరే, పడతాను.

ఇక మా భాష సంగతి ఒకటుంది. 1985లో ‘ప్రతిఘటన’ వచ్చింది. టి.కృష్ణగారు తీసిన సినిమా. విజయశాంతిగారు అందులో ఆడదాని కోపానికి నిలువెత్తు రూపం. మేం చప్పట్లు కొట్టి చేతులు నొప్పెట్టుకున్నాం. అందులో దుర్మార్గుడైన మంత్రి కాశయ్య. వేసింది కోట శ్రీనివాసరావుగారు. కృష్ణా జిల్లా కంకిపాడు మనిషి మా యాసని అచ్చంగా పట్టుకున్నారు. అది ఆయన ప్రతిభ, కాదనను. నా పక్కన కూర్చున్న ఒక అవ్వ మాత్రం మెల్లగా ‘గీ దొంగోడు మనోని లెక్క మాట్లాడుతుండేందమ్మా?’ అంది. ఆడదాని పక్షాన నిలబడ్డ ఆ గొప్ప సినిమాలో, దుర్మార్గుడికి మా భాష, మంచివాళ్ళకి మరొకరి భాష. ఆ అవ్వ అడిగిన ప్రశ్నకి సమీక్ష అని పేరు పెట్టటం ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా యాస వినిపిస్తే అది దొంగో, రౌడీయో, నవ్వుకోటానికి తెచ్చిన నౌకరో అయి ఉండేది. నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ‘పోతున్న’ అంటే చాలు, గదిలో అమ్మాయిలు సినిమాలో డైలాగు విన్నట్టు నవ్వేవారు. కోపమొస్తే ‘సరదాకన్నామే, హాస్యం తెలీదా’ అనేవారు. చూశారా, మళ్ళీ అదే మాట. పత్రికలకి రాయాలంటే మాట మార్చుకోవాలని నాకు అక్కడే అర్థమైంది. మీరు చదువుతున్న ఈ వాక్యాలు కూడా ఆ మార్చుకున్న భాషవే.

అందుకే 2016లో ‘పెళ్ళిచూపులు’ చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం వేరు. తరుణ్ భాస్కర్ రాసిన ఆ మాటలకి జాతీయ బహుమతి కూడా వచ్చింది. హైదరాబాదు కుర్రవాళ్ళు తమ మాటే మాట్లాడి తమ మీద తామే నవ్వుకున్నారు. 2023లో ‘బలగం’ వచ్చింది. తీసిన వేణు యెల్దండి అంతకుముందు హాస్యనటుడు. ఇంట్లో ముసలాయన చనిపోవటం, పిట్టకి పెట్టిన ముద్దని కాకి ముట్టకపోవటం, నల్లి బొక్క దగ్గర మొదలైన పంతాలు. చావింట్లో నవ్వించాడు, నవ్విస్తూ ఏడిపించాడు. పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరు ఊరంతా కింద కూర్చుని చూశారు. పెద్ద హీరో లేడు కాబట్టి కొట్లాడే అభిమానులు లేరు. ఆడవాళ్ళు ఇంటికి పోయి, మాటల్లేని అన్నకి ఫోను చేద్దామా అని ఆలోచించారు. ఇన్ని చుక్కలని ఏ సమీక్షకుడు చెప్పినా ఈ లెక్కకి తూగదు.

సమీక్షకుల్ని కూడా వదిలిపెట్టను. చుక్కల్ని పావులూ అరలూ ముప్పావులూ చేసి తూచటం నేను కూరగాయల కొట్లో తప్ప మరెక్కడా చూడలేదు. రెండున్నరకీ రెండుముప్పావుకీ తేడా ఏమిటో రాసినవాడికైనా తెలుసా? హాస్య సినిమా అనగానే ‘మెదడు ఇంట్లో పెట్టి వెళ్ళండి’ అని సలహా. మా మెదళ్ళు ఇంట్లో పెట్టొస్తే తిరిగి వచ్చేదాకా పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? ‘కుటుంబ ప్రేక్షకులకు నచ్చవచ్చు’ అని ఒక ముక్తాయింపు. ఆ కుటుంబ ప్రేక్షకులంటే మనమే కదా. మనకి నచ్చేది తక్కువ రకమని ఆ మాట చాటున ఒక చిన్న చూపు. అభిమానికి మనం కనపడం, సమీక్షకుడికి మనం ఒక గుంపు. వాళ్ళిద్దరూ మన ఇంటి ముందే కొట్లాడుకుంటున్నా, మనల్ని గుమ్మంలోకి రమ్మని పిలిచేవాడు లేడు.

నలుగురం సినిమాకి వెళ్ళొస్తే బస్సూ, టిక్కెట్లూ, పాప్‌కార్నూ కలిపి నెల పాలబిల్లంత అవుతోంది. అంత ఖర్చు పెట్టేవాళ్ళకి సమీక్ష ఏం చెప్పాలి? నన్నడిగితే నాలుగు సంగతులు. ఇందులో నవ్వు ఎవరిమీద? ఆ మనిషి తిరిగి ఒక్క మాటైనా అన్నదా? ఆ నవ్వు ఇంటికి తెచ్చుకుని పిల్లల ముందు చెప్పుకోవచ్చా? దర్శకుడు కిందటిసారికంటే ఒక అడుగు ముందుకేశాడా, వెనక్కేశాడా? ఇవి చెబితే చాలు, చుక్కలు ఆకాశానికే వదిలెయ్యొచ్చు. అభిమానులకి కూడా నాదొక మనవి. మీ హీరో సినిమాకి రక్షణ మీ పిడికిళ్ళు కావు నాయనా. మీ ఇంట్లో ఆడవాళ్ళు రెండోసారి చూడాలనుకుంటే అదే రక్షణ. ‘శ్రీవారికి ప్రేమలేఖ’ని ఇప్పటికీ టీవీలో వేస్తే మనం పొయ్యి మీద పాలు మరిచిపోయి చూస్తున్నాం. దానికోసం ఎవరూ ఎవర్నీ కొట్టలేదు.

ఆ శుక్రవారం మా మేనల్లుడు రెండో ఆట అయ్యాక అర్ధరాత్రి ఇంటికొచ్చాడట. మర్నాడు పొద్దున ‘ఎట్లున్నది బిడ్డా?’ అనడిగితే కాసేపు ఫోను వంక చూసి, ‘ఆఁ, ఉన్నది’ అన్నాడు. మా ఊరి పాత సమీక్ష ఇంకా బతికే ఉందన్నమాట.

ఆ మాట మా వాడు బయట ఎవరిముందూ అనడు. వాడి భార్యకి ఆ సినిమా నచ్చలేదన్న సంగతి కూడా వాడు బయట చెప్పడు. ‘ఎందుకు నచ్చలే?’ అని ఆ అమ్మాయిని అడగటం మాత్రం మొదలుపెట్టాడు. మొన్న వంటింట్లో ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. పప్పు మాడింది గానీ ఎవరూ ఎవరితోనూ ‘నీకు హాస్యం తెలియదు’ అనలేదు.

మీ ఇళ్ళల్లో ఏ సినిమాకి ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో, ఎందుకో రాసి పంపండి. పేర్లు పడే దగ్గర్నుంచి మొదలుపెట్టినా సరే, నేను చదువుతాను. చుక్కలు మాత్రం వెయ్యకండి.